ఇంట్లో ఒకరికి సైకోసిస్ వస్తే ఇంటివాళ్ళు ఏం చేయాలి

అన్నంలో ఏదో కలిపారని అనుమానపడుతున్న మనిషికి కంచంలో వడ్డించి ముందు పెట్టకండి. అందరితోపాటు కూర్చోబెట్టి, అందరూ తినే గిన్నెల్లోంచే తన చేత్తో వడ్డించుకోనివ్వండి. అప్పటికీ ముట్టకపోతే పెంకు తీయని ఉడికిన గుడ్డు, తొక్క ఒలవని అరటిపండు, సీలు తీయని నీళ్ళ సీసా ఇవ్వండి. కొట్లో తనే కొనుక్కున్న బిస్కెట్ ప్యాకెట్ అయినా సరే. "కన్నతల్లినిరా, నీకు విషం పెడతానా" అని ఏడిస్తే ఆ పూట తినడు సరికదా, మర్నాటి నుంచి మీ చేతి మంచినీళ్ళు కూడా తాగడు.

సైకోసిస్ అంటే లేని మాటలు వినపడటం, లేనివి కనపడటం, జరగనిది జరుగుతోందని గట్టిగా నమ్మడం. అది వచ్చిన మనిషిని చూసుకోవడంలో మిగతా పనులు కూడా ఈ అన్నం సంగతి లాంటివే. తను నమ్ముతున్నది నిజమా అబద్ధమా అని తేల్చే పని పెట్టుకోకుండా, తన భయం తగ్గే దారి చూడాలి. ఇంట్లో కనీసం ఒక్కరి మీదైనా నమ్మకం మిగిలితే ఆ ఒక్కరి వెంట ఆసుపత్రికి వస్తాడు, ఆ ఒక్కరు ఇచ్చిన మాత్ర వేసుకుంటాడు. కింద ఎక్కువచోట్ల "అబ్బాయి" అని రాశాం గానీ, ఆడపిల్లలకూ పెద్దవాళ్ళకూ ఇవే మాటలు.

లోపల ఏం జరుగుతోంది

జ్వరం ఎన్నో జబ్బుల్లో వచ్చినట్టు సైకోసిస్ కూడా చాలా జబ్బుల్లో వస్తుంది. స్కిజోఫ్రెనియాలో, బైపోలార్‌లో (అతి హుషారూ కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే జబ్బు), తీవ్రమైన డిప్రెషన్‌లో వస్తుంది. గంజాయి వల్లా వస్తుంది. పక్కన ఎవరూ లేకుండా మాటలు వినపడుతున్నప్పుడు మెదడులో శబ్దాన్ని పట్టుకునే భాగాలు నిజంగానే పనిచేస్తుంటాయి. అందుకే తనకు అది ఊహలా ఉండదు. మీ గొంతు ఎంత నిజమో ఆ గొంతూ అంతే నిజం. అనుమానం సంగతీ ఇలాంటిదే. మెదడులో డోపమైన్ అనే రసాయనం అదుపు తప్పితే, మామూలుగా మనం పట్టించుకోని వాటికి కూడా ఏదో అర్థం అంటుకుంటుంది. బీసెంట్ రోడ్డులో ఎదురొచ్చినవాడు దగ్గినా, ముందు బండి నెంబరు చూసినా, టీవీలో ఎవరో నవ్వినా, అంతా తన కోసమే జరుగుతున్నట్టు ఉంటుంది.

ఎక్కువమందికి 16 నుంచి 30 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. అంటే ఇంటర్, ఇంజినీరింగ్, కొత్త ఉద్యోగం, కొత్త కాపురం రోజులు. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లవాడు గది తలుపేసుకుని కూర్చుంటే చదువు ఒత్తిడి అనో, ప్రేమ వ్యవహారం అనో, పొగరనో ఇంట్లో అనుకుంటారు. నిద్ర తలకిందులవడం, స్నానం మానేయడం, స్నేహితులను వదిలేయడం, తనలో తను మాట్లాడుకోవడం, ఫోను ఎవరో హ్యాక్ చేశారని సిమ్ములు విరిచేయడం వంటివి వారాల తరబడి కలిసి కనపడుతుంటే ఆలస్యం చేయకండి. వైద్యం ఎంత త్వరగా మొదలైతే కోలుకోవడం అంత బాగుంటుంది.

గాలి సోకిందనీ, చేతబడి అనీ చుట్టాలు అంటారు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం, గుణదల మాత దగ్గర కొవ్వొత్తి, దర్గాలో దువా, వీటిలో ఏదీ మానమని చెప్పం. ఇంటివాళ్ళకు ధైర్యం కావాలి, అది అక్కడ దొరుకుతుంది. కానీ దాని కోసం ఆసుపత్రి వాయిదా పడకూడదు. కొట్టడం, పొగ వేయడం, కట్టేయడం ఉన్నచోటికి అసలు తీసుకెళ్ళకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చినవాళ్ళను ఉంచే పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు.

కొన్ని సందర్భాల్లో ఓపీ రోజు దాకా ఆగకూడదు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళాలి. జ్వరంతో సంధి ప్రేలాపనలు, మూర్ఛ, తలకు దెబ్బ తగిలాక మాట తేడా రావడం అలాంటివి. రోజూ తాగే మనిషి తాగుడు ఆపిన రెండు మూడు రోజుల్లో వణుకుతూ, లేని పురుగులు కనపడుతున్నాయంటే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. అరవై దాటినవాళ్ళకు ఉన్నట్టుండి తికమక మొదలైతే చాలాసార్లు ఒంట్లో ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో కారణం. ప్రసవమైన మొదటి వారాల్లో బాలింత నిద్రపోకుండా, బిడ్డ గురించి వింతగా మాట్లాడుతుంటే అదే రోజు తీసుకెళ్ళండి. అప్పటిదాకా తల్లినీ బిడ్డనూ ఇద్దరినే గదిలో వదలకండి.

మాట్లాడే పద్ధతి

"అమ్మా, మేడ మీదివాళ్ళు రాత్రంతా నన్ను తిడుతున్నారు" అన్నాడనుకోండి. "ఎవరూ తిట్టడం లేదు, అంతా నీ భ్రమ" అంటే వాదన మొదలవుతుంది. "అవునురా, రేపు వాళ్ళ సంగతి తేలుస్తాను" అంటే భ్రమకు సాక్షి దొరికినట్టే. రేపు తనే వెళ్ళి వాళ్ళ తలుపు బాదవచ్చు. రెండూ వద్దు. "నాకైతే వినపడలేదు నాన్నా. నీకు వినపడుతున్నాయని తెలుస్తోంది. రాత్రంతా అలా ఉంటే ఎవరికైనా భయమేస్తుంది. కాసేపు నేనూ ఇక్కడే పడుకోనా?" అనండి. అబద్ధం చెప్పలేదు, కొట్టిపారేయలేదు, భయం దగ్గరికి వెళ్ళారు.

"నన్ను నమ్ముతావా లేదా, అది చెప్పు" అని నిలదీసే రోజూ వస్తుంది. అప్పుడు తప్పించుకోకండి. "నాకలా అనిపించడం లేదురా. మనిద్దరికీ ఒకేలా అనిపించాలని లేదు. నువ్వు నిద్రపోయి నాలుగు రోజులైంది, ముందు దాని సంగతి చూద్దాం" అనవచ్చు. ఎవరి మాట నెగ్గిందన్నది అక్కడితో పక్కకు పోతుంది.

ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. టీవీ కట్టేయండి. వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక మాటలో ఒకే విషయం. అడిగాక ఆగండి. జవాబు రావడానికి అర నిమిషం పట్టవచ్చు, లోపలి గొంతుల మధ్య మీ మాట వెతుక్కుంటున్నాడు. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూసేకంటే పక్కన కూర్చోవడం నయం. గుమ్మానికి అడ్డంగా నిలబడవద్దు. వంటింట్లో గుసగుసలు, బాల్కనీలో నిలబడి మేనమామకు మెల్లిగా ఫోను, ఇవి చాలా చెడుపు చేస్తాయి. తన గురించే మాట్లాడుకుంటున్నారని తను అనుకుంటున్నాడు, అప్పుడు మీరు నిజంగానే తన గురించి మాట్లాడుకుంటున్నారు.

గొంతులు ఏమంటున్నాయో అడగండి. చచ్చిపొమ్మంటున్నాయా, ఎవరినైనా కొట్టమంటున్నాయా అని సూటిగానే అడగండి. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. గుంటూరు, పల్నాడు వైపు మిర్చి, పత్తి వేసే ఇళ్ళలో పురుగుమందు, కలుపుమందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి. వాటిని ఇంట్లో దాచడం కాదు, వేరే ఇంటికి పంపేయండి. ఇంట్లో అందరి మాత్రలూ తాళం కిందికి చేరాలి.

తనకు జబ్బు లేదనడం మొండితనం కాదు. తన స్థితిని తను చూసుకునే శక్తినే ఈ జబ్బు చాలామందిలో దెబ్బతీస్తుంది. "నీకు జబ్బుందని ఒప్పుకో" అని పట్టుబట్టడం చూపు మందగించినవాణ్ణి చిన్న అక్షరాలు చదవమనడం లాంటిదే.

ఆసుపత్రికి

గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ప్రైవేటుగా చూపించుకోవాలంటే విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు వెతుకుతారు. ఎక్కడికి వెళ్ళాలో తేలకపోతే 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇంటివాళ్ళూ చేయవచ్చు.

పెళ్ళికి వెళ్దామని కారెక్కించి ఆసుపత్రి ముందు దించడం ఒక్కసారే పనిచేస్తుంది. ఆ తర్వాత మీతో ఎక్కడికీ రాడు. తను పడుతున్న బాధనే కారణంగా చెప్పండి. నిద్ర లేదు, తల బరువు, భయం, బరువు తగ్గడం. "నిద్ర పట్టడానికి మందు రాయించుకుందాం" అంటే అందులో అబద్ధమేమీ లేదు. ఎంచుకునే వీలివ్వండి: ఉదయమా సాయంత్రమా, నాన్నతోనా అక్కతోనా, గవర్నమెంటుకా ప్రైవేటుకా. అయినా రానంటే ముందు మీరొక్కరే డాక్టరును కలిసి సంగతి చెప్పండి.

రద్దీ ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఒక కాగితం మీద ముందే రాసుకెళ్ళండి:
- మార్పు ఏ నెలలో మొదలైంది, మొదట కనపడింది ఏమిటి
- నిద్ర రోజుకు ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది
- తన నోటి మాటలే రెండు మూడు, అన్నవి అన్నట్టుగా
- గంజాయి, మందు, సిగరెట్ ఎంత (దాచవద్దు, డాక్టరు పోలీసు కాదు)
- షుగరు, థైరాయిడ్, ఫిట్స్. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మానసిక జబ్బు
- ఇంతకుముందు వాడిన మాత్రల స్ట్రిప్పులు, ఏది పడలేదో

ఆ కాగితాన్ని డాక్టరు చేతికివ్వండి. తను పక్కనుండగా తన తప్పులన్నీ ఏకరువు పెట్టకండి. చీటీ క్యూలో ఒకరు నిలబడితే ఇంకొకరు తనతో చెట్టు కిందో కారిడార్ చివరో ఉండాలి. ఆ జనం, ఆ కేకలు తనకు మామూలు మనిషికంటే పదింతలు. షుగరు, థైరాయిడ్, బీ12, ఒక్కోసారి తల స్కాన్ రాస్తారు. వేరే కారణం ఉందేమో చూడటానికే అవి.

చేయి దాటితే

ఈ జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరి మీదా చేయి చేసుకోరు, తామే భయంతో ఉంటారు. ఆ భయం ముదిరితే మాత్రం తిరగబడవచ్చు. కత్తిపీట, రోకలి, కొడవలి తీసేయండి. పిల్లల్ని పక్కింటికి పంపండి. తలుపు దారి తనకూ మీకూ ఖాళీగా ఉంచండి. వీధి కుర్రాళ్ళను నలుగురిని పిలిచి తాళ్ళతో మీద పడితే తను అనుకుంటున్న కుట్ర నిజమైనట్టు ఉంటుంది. కొట్టే స్థితి వస్తే ముందు మీరు బయటికి వచ్చి 108కి గానీ 112కు గానీ ఫోన్ చేయండి. "మానసిక జబ్బు, చేతిలో ఏమీ లేదు" అనో, "చేతిలో కత్తి ఉంది" అనో మొదటి మాటలోనే చెప్పండి.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, తనకో ఇతరులకో హాని జరిగేలా ఉన్నా, తన బాగోగులు తను చూసుకోలేకపోతున్నా, నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా (చట్టం ప్రకారం తన తరఫు ప్రతినిధిగా) ఉన్న ఇంటిమనిషి దరఖాస్తు మీద చేర్చుకోవచ్చు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. అలా 30 రోజుల వరకు. ప్రాణాపాయం ఉంటే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర వైద్యం చేయవచ్చు. గొలుసులతో కట్టడం ఈ చట్టం ప్రకారం పూర్తిగా నిషేధం.

మందులు

రిస్పెరిడోన్, ఒలాంజపిన్, అరిపిప్రజోల్, హాలోపెరిడాల్ వంటివి రాస్తారు. నిద్ర, కంగారు కొద్ది రోజుల్లోనే కుదుటపడతాయి. గొంతులు, అనుమానాలు సన్నగిల్లడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. పదో రోజున "పనిచేయడం లేదు" అని డాక్టరును మార్చడం చాలామంది చేసే పొరపాటు. ఇవి అలవాటు పడిపోయే మందులు కావు.

ఇంట్లో కనపడే ఇబ్బందులు తెలిసి ఉండాలి. మొదటి రోజుల్లో మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కళ్ళు పైకి పోయి, నాలుక బిగుసుకుంటే దయ్యం పట్టిందని హడలిపోతారు. అది కండరాలు పట్టేయడం. క్యాజువాలిటీలో ఒక ఇంజెక్షన్‌తో నిమిషాల్లో తగ్గుతుంది. కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతుంటే జబ్బు ముదిరిందనుకుంటారు. అదీ మందు వల్లే కావచ్చు, డాక్టరుకు చెబితే డోసు సరిచేస్తారు. ఒలాంజపిన్‌తో ఆకలి బాగా పెరుగుతుంది. మొదలుపెట్టిన రోజే బరువు, నడుం చుట్టుకొలత రాసుకుని నెలనెలా చూడండి. మూడు నెలలకు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్ష అడగండి. రిస్పెరిడోన్‌తో ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవచ్చు. అత్తగారి ముందు చెప్పుకోలేక ఎందరో మందే మానేస్తారు. కోడలిని ఒంటరిగా అడిగి తెలుసుకోండి.

మిగతా మందులకు లొంగనప్పుడు ఇచ్చే క్లోజపిన్ వాడుతుంటే మొదటి 18 వారాలు వారానికోసారి రక్తపరీక్ష తప్పదు, ఎందుకంటే తెల్లరక్తకణాలు పడిపోయే అవకాశముంది. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే రక్తం చూపించాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి. సిగరెట్ పొగ క్లోజపిన్, ఒలాంజపిన్‌లను ఒంట్లోంచి త్వరగా పోగొడుతుంది. అందుకే సిగరెట్లు ఒక్కసారిగా మానేస్తే మందు ఎక్కువైపోతుంది. మానడం మంచిదే, కానీ డాక్టరుకు చెప్పి మానాలి.

మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఈ మందులు చాలావరకు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను తగ్గిస్తుంది. రోహిణి కార్తెలో బెజవాడ 45 డిగ్రీలకు చేరినప్పుడు రేకుల గదిలో తలుపేసుకుని పడుకున్న మనిషికి వడదెబ్బ ఇట్టే తగులుతుంది. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా చల్లగా ఉన్న గదిలో ఉంచి, గంటకోసారి మజ్జిగో నీళ్ళో అందించండి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవాళ్ళకు ఒంట్లో నీరు తగ్గితే మందు విషమవుతుంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు పెరగడం, తూలడం కనపడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేయకండి. ఏ కాలంలోనైనా తీవ్ర జ్వరంతో పాటు ఒళ్ళు కర్రలా బిగుసుకుంటే అది ఈ మందుల వల్ల అరుదుగా వచ్చే ప్రమాదం, క్యాజువాలిటీకి వెళ్ళవలసిందే.

అయ్యప్ప దీక్ష, కార్తీక ఉపవాసాలు, రంజాన్ రోజాలప్పుడు మందులు ఆగిపోతుంటాయి. నెల ముందే డాక్టరును అడిగితే చాలా మందులను రాత్రి ఒక్కపూటకు మార్చగలరు.

కూరలోనో పాలలోనో మాత్ర నూరి కలపకండి. ఒక్కసారి దొరికిపోతే, "నా అన్నంలో ఏదో కలుపుతున్నారు" అన్న మాట ఇక భ్రమ కాదు. మాత్రలు వద్దంటే ఎందుకో అడగండి: మగతా, బరువా, మర్చిపోవడమా. మగత అయితే వేళ మార్చవచ్చు. మర్చిపోతుంటే వారం డబ్బా పెట్టండి. రెండు నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. మొదటిసారి వచ్చి తగ్గాక కూడా ఒకటి రెండేళ్ళు మందు కొనసాగించమంటారు. ఎక్కువసార్లు ఆపేది "బాగైపోయాడుగా" అన్న మాట వినే. ఆపాలనుకుంటే డాక్టరే నెలల మీద మెల్లగా తగ్గించాలి.

ఇంటి వాతావరణం

లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లలో మొదలుపెట్టిన పరిశోధనలో ఒక సంగతి బయటపడింది. ఎప్పుడూ తప్పులెన్నే ఇంటికి, లేదా కంటికి రెప్పలా అంటిపెట్టుకుని ఊపిరాడనివ్వని ఇంటికి తిరిగి వెళ్ళినవాళ్ళకు జబ్బు మళ్ళీ ఎక్కువగా వచ్చింది. అలాంటి ఇళ్ళలో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపితే ఇంకా ఎక్కువని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కుటుంబం చేయగల మేలు కూడా అంతే పెద్దది. 1950లలోనే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, ఇంటివాళ్ళను రోగులతోనే ఉంచి వైద్యం చేశారు.

గొంతులు తగ్గాక నెలల తరబడి ఒక మందకొడితనం ఉంటుంది. పదింటిదాకా పడుకోవడం, ముఖంలో ఏ భావమూ లేకపోవడం. ఇంటివాళ్ళ ఓపిక అయిపోయేది సరిగ్గా ఇక్కడే, "ఇప్పుడు బాగానే ఉన్నావుగా, లే" అని. అది బద్ధకం కాదు, జబ్బులో మిగిలిన భాగం. రోజుకు ఒకే పని, ఒకే వేళకు అప్పజెప్పండి: పాల ప్యాకెట్ తేవడమో, కుండీలకు నీళ్ళు పోయడమో. రెండు వారాలు నిలిచాక రెండోది కలపండి. చేయని రోజు ఊరుకోండి, చేసిన రోజు "పాలు తెచ్చావు, మంచిదిరా" అని ఆ పని పేరు పెట్టి చెప్పండి. నిద్రవేళ మాత్రం సడలనివ్వకండి. గంజాయి మళ్ళీ ముట్టకూడదు, ఇందులో బేరం లేదు.

పెళ్ళి చేస్తే కుదురుకుంటాడన్న సలహాను దయచేసి వినకండి. పెళ్ళి అంటేనే ఒత్తిడి, నిద్ర చెడటం, కొత్తింట్లో మందులు దాచడం. దాచి చేసిన పెళ్ళి కోర్టుదాకా వెళుతుంది, మధ్యలో ఇంకో పిల్ల బతుకు నలుగుతుంది. కోలుకుని, నిలకడగా ఉండి, అవతలివాళ్ళకు తెలిసి చేసుకునే పెళ్ళి వేరు.

జబ్బు ఏళ్ళ తరబడి ఉండి పని చేసుకోలేకపోతుంటే వైకల్య ధ్రువపత్రానికి సదరం శిబిరంలో స్లాట్ తీసుకోండి. మానసిక జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. చూసుకునే మనిషి ఒక్కరే అయితే ఆ మనిషీ కూలిపోతారు. వారంలో ఒక పూటైనా అన్నో వదినో బాబాయో వచ్చి కూర్చునేలా ముందే మాట్లాడి పెట్టుకోండి.

బాగున్న రోజుల్లో తనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం రాయండి. మొదటిసారి జబ్బు రాకముందు వారాల్లో ఏం మారిందో తననే అడగండి: రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, ఫోను కట్టేసుకోవడం, ఒకే పాట మళ్ళీ మళ్ళీ వినడం, ఎవరి గుర్తులు వాళ్ళవి. అవి మళ్ళీ కనపడితే ఎవరు చెబితే వింటాడో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో, ఏ మందు పడలేదో, ఆసుపత్రిలో ఎవరు తోడుండాలో తన మాటల్లోనే ఉండాలి. వైద్యం ఎలా జరగాలో ముందే రాసి పెట్టుకునే హక్కు 2017 చట్టం పెద్దవాళ్ళందరికీ ఇచ్చింది, డాక్టరుకు చూపిస్తే దాన్ని పద్ధతి ప్రకారం చేయిస్తారు. కింద తన సంతకం, మీ సంతకం, తేదీ. బీరువా తలుపు లోపలివైపు అంటించండి.